కొర్రమీనును చెరువున విడువవచ్చునా?

ఓరుగల్లు సీమలో చెరువు లేని గ్రామమును వెదకుట కష్టము. గణపతిదేవుని కాలమున జగదాల ముమ్మడి కట్టించిన పాకాల చెరువు మొదలుకొని, రేచర్ల రుద్రుని పేరుతో ముడివడిన రామప్ప చెరువు, కొండల నడుమ విస్తరించిన లక్నవరము, గణపురము మున్నగు మహాతటాకములును, ఒకదాని మత్తడి నీరు మరియొకదానిలోనికి దిగునట్లు గొలుసుకట్టుగా ఏర్పడిన ఊరి చెరువులును, కుంటలును కలిసి సుమారు ఎనిమిది వందల సంవత్సరములుగా ఈ మెట్టభూమిని పంటభూమిగా నిలబెట్టినవి. చెరువు అనగానే మనకు వరి జ్ఞప్తికి వచ్చును. కాని ఆ నీటిలోనే పండు పంట మరియొకటి గలదు. దానికి దుక్కి లేదు, నాటు లేదు, కలుపుతీత లేదు అని గట్టు మీద నిలిచి చూచువారు తలంతురు. చేపల పంటకును విత్తనము, కలుపు, తెగులు, కోత అన్నియు గలవనియు, ఏ విత్తనము వేయవలెనను విషయమున వరి రైతులకు లేనంత వాదోపవాదము అందు గలదనియు గంగపుత్రులు, ముదిరాజులు మొదలగు ఆ వృత్తి నాశ్రయించినవారే ఎరుగుదురు.

ఆ వాదములలో ముఖ్యమైనది కొర్రమీనును గూర్చినది. కొర్రమట్ట యనియు పిలువబడు ఈ చేపను 2016లో తెలంగాణ ప్రభుత్వము రాష్ట్ర చేపగా ప్రకటించినది. అయితే చేపల పెంపకమును బోధించు ఏ చిన్న పుస్తకమును తెరచినను, బొచ్చె, రోహు పిల్లలను విడుచుటకు ముందు నీటి నుండి తొలగింపవలసిన మాంసాహార మత్స్యముల పట్టికలో, వాలుగ, మార్పు చేపల సరసన, కొర్రమీను పేరు తప్పక కనబడును. ఆ తొలగింపునకు చెప్పబడు సాధనము మన ములుగు అడవుల వారికి సుపరిచితమైనదే: ఇప్పగింజల నుండి నూనె తీయగా మిగిలిన చెక్కను నీటిలో కలిపినచో అందలి విషగుణము వలన చేపలు చచ్చి తేలును, కొన్ని వారములకు ఆ విషము విరిగి అదే చెక్క చెరువునకు ఎరువగును. రాష్ట్రమునకు చిహ్నమైన ప్రాణియే ఆ రాష్ట్రపు నీటిలో నిర్మూలింపదగిన శత్రువుగా పరిగణింపబడుట విచిత్రమే. కాని ఆ రెండు మాటలకును ఆధారము లేకపోలేదు.

ఈ తగవు మనకే ప్రత్యేకమైనదియు కాదు. అమెరికా ఉత్తర భాగమున విస్కాన్సిన్, మిన్నెసోటా మొదలగు రాష్ట్రముల సరస్సులలో మస్కెలంజ్ అను పెద్ద వేటచేప కలదు. వాడుకలో దానిని మస్కీ యందురు. మీటరుకు మించిన పొడవు పెరిగి, కలుపుమొక్కల చాటున కదలక పొంచియుండి, దరికి వచ్చిన చేపను ఒక్క దూకున పట్టు ఈ మత్స్యమును విస్కాన్సిన్ ప్రజలు 1955లోనే తమ రాష్ట్ర చేపగా స్వీకరించిరి. గాలపు వేటను వినోదముగా నెంచువారికి దానిపై గల మోజు చేత ప్రభుత్వ శాఖలు దాని పిల్లలను పెంచి సరస్సులలో విడుచుచుండగా, వాలై అను రుచికరమైన చేపను పట్టి వండుకొనువారు తమ చేపనంతయు అది మింగివేయుచున్నదని మొరపెట్టుచున్నారు. విస్కాన్సిన్‌లో శాస్త్రజ్ఞులు మస్కీల కడుపులను పరీక్షించి చూడగా, వానియందు సక్కరు, పెర్చి వంటి ఇతర చేపలే ఎక్కువగా దొరకినవి గాని వాలై అరుదుగా కనబడినది. అయినను వాదము సమసిపోలేదు. చేప కడుపులో ఏమున్నదో శాస్త్రము తేల్చగలదు. సరస్సు ఎవరి సుఖమునకు, ఎవరి జీవనమునకు ఉండవలెనో తేల్చుట దాని పని కాదు. అచ్చట అది వినోదమునకును భోజనమునకును నడుమ తగవు. ఇచ్చట అది కూటికి సంబంధించిన తగవు.

మన వాదమును అర్థము చేసికొనుటకు ముందు మన చెరువులలో ప్రస్తుతము ఏమి విడువబడుచున్నదో తెలిసికొనవలెను. 2015లో మిషన్ కాకతీయ పేరున చెరువుల పూడికతీత ఆరంభమైనది. మరుసటి సంవత్సరము నుండి ప్రభుత్వము మత్స్యకారుల సహకార సంఘములకు చేపపిల్లలను ఉచితముగా సరఫరా చేయసాగినది. మొదటి ఏడాదియే రాష్ట్రమున విడిచిన పిల్లల సంఖ్య సుమారు 27 కోట్లు. వీనిలో ప్రధానమైనవి బొచ్చె, రోహు, మృగాల, బంగారుతీగ. బొచ్చె నీటి పైభాగమున సూక్ష్మజీవులను, రోహు నడిమి పొరలో మేతను, మృగాల అడుగున కుళ్లిన పదార్థమును తిని బ్రతుకును గనుక, ఒకే చెరువులో మూడింటిని కలిపి విడిచినను ఒకదాని ఆహారమును మరియొకటి అంతగా అపహరింపదు. ఈ పద్ధతియందలి యుక్తి అదియే.

అయితే ఈ చేపలకు ఒక స్వభావము గలదు. బొచ్చె, రోహు, మృగాల వానకాలపు వరదలో, పారునీటిలో మాత్రమే గ్రుడ్లు పెట్టును. నిలువ నీటి చెరువులలో పెరుగునే గాని పిల్లలు పెట్టవు. పూర్వము వీని విత్తనమును నదుల నుండి పట్టి తెచ్చుటయే గతిగా ఉండెను. 1957 జూలై 10న ఒరిస్సాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి అను శాస్త్రజ్ఞుడు, చేప మెదడు క్రింద నుండు పీయూష గ్రంథి సారమును తల్లిచేపలకు సూదిమందుగా ఎక్కించి, నదితో పని లేకుండ గ్రుడ్లు పెట్టించుటలో కృతకృత్యుడయ్యెను. ఆ దినమే నేడు జాతీయ మత్స్యరైతు దినోత్సవముగా జరుపబడుచున్నది. నేటి హేచరీలన్నియు ఆ విజయము మీద నిలిచినవే. కాని దాని పర్యవసానముగా చెరువు ఏటేట విత్తనము కొరకు బయటి చేయి చూడవలసి వచ్చినది. పిల్లలు రాని ఏడు పంటయు లేదు.

ఆ విత్తనము చెరువునకు చేరు విధము చూడదగినది. ప్రాణవాయువు నింపి మూతికట్టిన ప్లాస్టిక్ సంచులలో పిల్లలు లారీ మీద వచ్చును. సంచిని వెంటనే విప్పరాదు. లోపలి నీరు, చెరువు నీరు ఒకే వేడికి వచ్చువరకు దానిని కొంతసేపు నీటిపై తేలనిచ్చి, పిదప మూతి విప్పి, చెరువు నీటిని కొద్దికొద్దిగా లోనికి రానిచ్చినచో పిల్లలు తమంత తామే ఈదుకొనుచు వెలికిపోవును. తొందరపడి కుమ్మరించినచో అక్కడికక్కడే వెల్లకిల పడునవి కొన్ని, సాయంత్రమునకు ఒడ్డునకు కొట్టుకొనివచ్చునవి కొన్ని. లెక్క కూడ ఒక్కొక్కటిగా ఎంచునది కాదు. చిన్న జల్లెడ గిన్నెతో ముంచి, ఒక గిన్నెలో ఎన్ని యున్నవో ఎంచి, తక్కిన గిన్నెలను ఆ ప్రకారము గుణించెదరు. ఎంచిన గిన్నె నిండుగాను, పోసిన గిన్నె వెలితిగాను ఉన్నదని గట్టు మీద సంఘ సభ్యులు వాదులాడుట వింత కాదు.

పిల్లల పరిమాణమునందును ఒక ధర్మసూక్ష్మము గలదు. వేసవిలో ఎండిపోవు చెరువులకు 35 నుండి 40 మిల్లీమీటర్ల పిల్లలను, ఏడాది పొడుగున నీరుండు చెరువులకును జలాశయములకును 80 నుండి 100 మిల్లీమీటర్ల పిల్లలను ఇచ్చుట నియమము. ఎండిన చెరువున మాంసాహార చేపలు చాలవరకు నశించియుండును గనుక వ్రేలి కణుపంత పిల్ల కూడ బ్రతికి బట్టకట్టగలదు. ఎన్నడును ఎండని చెరువులో పెద్ద వాలుగలు, కొర్రమీనులు కాచుకొనియుండును. వాని నోటికి అందనంత పిల్లను విడిచిననే గాని విత్తనము దక్కదు. ఏ మాంసాహార చేపయైనను తన నోరు పట్టినంత వేటనే మింగగలదు. కాబట్టి కొర్రమీను విత్తనమును తినివేయుచున్నదను ఫిర్యాదు నిజమే యైనను, అందు సగము పాలు విత్తనము చిన్నదగుట వలన కలిగిన నష్టమేమో యని విచారింపవలసియున్నది.

ఇక కొర్రమీను స్వభావమును చూతము. పాము తలవంటి తల, గుండ్రని మొద్దు శరీరము, వీపున ముదురు గోధుమ నలుపు, కడుపున తెలుపు గల ఈ చేప మొప్పలతోడనే గాక, తలలో మొప్పలకు పైన నుండు ప్రత్యేకమైన గదుల ద్వారా గాలిని కూడ పీల్చును. పైకి వచ్చి గ్రుక్కెడు గాలిని తీసికొననిచో మంచి నీటిలోనైనను ఊపిరాడక చచ్చును. ఈ గుణము వలననే బురద కుంటలలో, గుర్రపుడెక్క మూసిన నీటిలో, తక్కిన చేపలు తేలిపోవు చోటను అది నిబ్బరముగా బ్రతుకును. వేసవిలో చెరువు అడుగంటినప్పుడు తడిబురదలో దాగి తొలకరికై ఎదురుచూచును. వానలు పడగానే జంటగా కలుపుమొక్కల నడుమ కొంత చోటును శుభ్రపరచుకొని అందు గ్రుడ్లు పెట్టును. అంబరు రంగున నూనెబొట్లవలె అవి నీటిపై తేలుచుండును. ఒకటి రెండు దినములలో పిల్లలు వెలువడును. కొంత పెరిగిన పిమ్మట నారింజ ఎరుపు గల వందలాది పిల్లలు ఒక ముద్దగా చేరి, నీటి ఉపరితలమున బుడబుడలాడుచు, గాలి కొరకు పైకి తేలుచు మునుగుచు తిరుగుచుండగా, తల్లిదండ్రులు వాని క్రింద కావలి కాయును. ఆ ముద్దపైకి కప్పయో, మరియొక చేపయో వచ్చెనా, అడుగు నుండి బాణమువలె లేచి దాడిచేయును.

ఈ వాత్సల్యమే దానికి ప్రాణాంతకమగుచున్నది. ఎర్రని పిల్లల ముద్ద కంటబడగానే, దాని క్రింద పెద్దచేప తప్పక ఉండునని ఎరిగిన వేటగాడు కప్పను గ్రుచ్చిన గాలమును సరిగా ముద్ద నడుమ ఆడించును. ఆకలి వలన గాక ఆగ్రహము వలన చేప దానిని కరచి చిక్కును. ఒక కిలో చేప దక్కును. కాపలా లేని పిల్లలను మరునాటికి జెల్లలు, వాలుగలు, కొంగలు తినివేయును. ఒక్క గాలముతో ఒక సంవత్సరపు సంతతి పోవును.

కొర్రమీను పక్షమున చెప్పదగిన మాటలు చాల గలవు. ముళ్లు తక్కువగా నుండి, కండ గట్టిగా నుండుటచే దానికి బజారున బొచ్చె, రోహులకన్న రెండు మూడింతల ధర పలుకును. గాలి పీల్చు చేప గనుక కొద్దిపాటి నీటి తొట్టిలో ప్రాణముతోనే అమ్మవచ్చును. మంచుగడ్డ ఖర్చు లేదు, సాయంత్రమునకు కుళ్లునను భయము లేదు. మృగశిర కార్తె ప్రవేశించు దినమున చేప తినవలెనను ఆచారము తెలంగాణమున బలముగా నుండుటచే ఆ నాడు దాని గిరాకికి మితి లేదు. హైదరాబాదున బత్తిని వంశీయులు 1845 నుండి ఇచ్చుచున్నామని చెప్పు ఉబ్బసపు మందును గూడ ఆ దినముననే చిన్న కొర్రమీను పిల్ల నోట పెట్టి మింగింతురు. ఆ మందు గుణమును గూర్చిన వివాదము అట్లుండ, ప్రజల మనస్సున ఈ చేపకు గల స్థానమును అది తెలుపును. అన్నింటికన్న మిన్న, కొర్రమీను మన నిలువ నీటిలోనే గ్రుడ్లు పెట్టును. దాని విత్తనమునకు లారీ అక్కరలేదు. చెరువును నింపివేయు తిలాపియా పిల్లలను, పనికిమాలిన చిల్లర చేపలను తిని వాని సంఖ్యను అదుపున నుంచుటయు దాని వలని మేలే. తిలాపియా చెరువులలో ఈ ప్రయోజనము కొరకే కొర్రమీనును విడుచు పద్ధతి ఆసియా దేశములలో గలదు.

ప్రతిపక్షమున చెప్పదగినవియు తక్కువ కావు. ఒక ప్రాణి మరియొక ప్రాణిని తినునప్పుడు తినబడిన దానిలో సుమారు పదింట ఒక వంతు మాత్రమే తిన్నదాని శరీరముగా నిలుచును. నీటి నాచు, సూక్ష్మజీవులు తిని పెరుగు రోహు ఒక మెట్టు క్రింద నుండుటచే అదే చెరువు ఎంత రోహునైతే పోషింపగలదో అందులో కొద్దిపాలు కొర్రమీనునే పోషింపగలదు. ధర మూడింతలైనను దిగుబడి అంతకన్న ఎక్కువగా తగ్గినచో మొత్తము మీద నష్టమే. పైగా కొర్రమీను పిల్లలు ఒకదానినొకటి తినును. చిన్ననాట ప్రాణముతో నున్న మేతయే కోరును గనుక హేచరీలో పెంచుట శ్రమతో కూడినది, విత్తనము ఖరీదైనది. 1988లో ఈశాన్య దిక్కుగా మన దేశమున ప్రవేశించి, ఒంటినిండ ఎర్రని పుండ్లతో చేపలను చంపిన వ్యాధి కొర్రమీనులకే అత్యధికముగా సోకెను. పట్టుట కూడ కష్టము: వల లాగునప్పుడు బొచ్చె, రోహులు ముందుకు పరుగిడి చిక్కగా కొర్రమీను బురదలో తల దూర్చి వల క్రింద నుండి తప్పుకొనును, లేదా వలపై నుండి దుమికిపోవును.

ఈ చివరి మాటలో ఆర్థికవేత్తలు గమనింపని ఒక సామాజిక విషయము గలదు. బొచ్చె, రోహు సంఘపు పంట. అందరును కలిసి ఒక దినమున వల దింపుదురు, తూకము అందరి యెదుట జరుగును, వచ్చినది వాటాలు వేసికొందురు. కొర్రమీను ఒంటరి వేటగాని పంట; తెల్లవారుజామున గాలము వేసిన వానికి దక్కును. కాబట్టి సంఘ సభ్యులు కొర్రమీనును ద్వేషించునప్పుడు వారు ద్వేషించునది చేపనా, లేక సంఘపు విత్తనమును తిని పెరిగిన చేప సంఘమునకు గాక ఒక్కరి చేతికి పోవుటనా యని అడుగవలెను. మొదటిదానికి మందు ఇప్పచెక్క. రెండవదానికి మందు సంఘపు కట్టుబాటు.

పరదేశముల అనుభవమును ఈ సందర్భమున చూపుట పరిపాటి. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో 1950ల ప్రాంతమున నైలు పెర్చి అను మహాకాయ మాంసాహారిని విడువగా, కొన్ని దశాబ్దములలో అచ్చట తప్ప మరెచ్చటను లేని సుమారు 200 జాతుల చిన్న చేపలు కనుమరుగయ్యెను. అదే సమయమున ఎగుమతి వ్యాపారము మాత్రము వర్ధిల్లెను. మాంసాహారియే కానవసరము లేదు: హిమాచల ప్రదేశమున భాక్రా ఆనకట్ట వెనుక నున్న గోవింద సాగరమున 1971లో పొరపాటున చేరిన వెండిచేప క్రమముగా బొచ్చె స్థానమును ఆక్రమించెను. 1952లో మన దేశమునకు తేబడిన తిలాపియా నేడు చెప్పచేయక చేరని చెరువు అరుదు. దొంగతనముగా వచ్చిన ఆఫ్రికా క్యాట్ ఫిష్‌ను 2000లో కేంద్ర ప్రభుత్వము నిషేధించినను బజారున అప్పుడప్పుడు కనబడుచునే యున్నది. కొర్రమీను వంశమునకే చెందిన తూర్పు ఆసియా చేప 2002లో అమెరికాలోని మేరీలాండున ఒక కుంటలో దొరుకగా, అమెరికా ప్రభుత్వము ఆ వంశపు చేపలన్నిటి దిగుమతిని నిషేధించెను.

ఈ ఉదాహరణములను జాగ్రత్తగా చదువవలెను. మేరీలాండున శత్రువైనది పాకాలలో శత్రువగుననుట తర్కము కాదు. కొర్రమీను ఈ నీటికి అతిథి కాదు. దానితోపాటే ఇచ్చటి కప్పలు, పరకలు, జెల్లలు తరతరములుగా బ్రతుకుచు వచ్చినవి. లెక్కకు చూచినచో రోహు సహజముగా ఉత్తర, మధ్య భారత నదుల చేప. బంగారుతీగ విదేశముల నుండి వచ్చినది, అది బురదను త్రవ్వి నీటిని మురికిచేసి కట్టలను గుల్లచేయుననియు అపవాదు గలదు. చెరువునకు హాని చేయునది మాంసాహారము కాదు. ఏ చేప ఎచ్చటిదో, ఏ చెరువు ఎట్టిదో చూడక ఒకే విత్తనమును అన్నిచోట్ల కుమ్మరించుట.

కాబట్టి కొర్రమీనును విడువవచ్చునా యను ప్రశ్నకు ఒకే సమాధానము లేదు. చెరువునకొక సమాధానము గలదు. సంవత్సరము పొడుగున నీరు నిలుచు విశాలమైన చెరువున సంఘపు ప్రధాన పంట బొచ్చె, రోహులే కావలెను. అచ్చట కొర్రమీను పిల్లలను కొని విడుచుట ధనవ్యయము. ఆ చెరువున చేయవలసినది విత్తనపు పరిమాణమును తగ్గకుండ చూచుకొనుట: నియమము ప్రకారము అరచేతి వెడల్పు పిల్ల రానిచో దింపించుకొనక త్రిప్పి పంపగల ధైర్యము సంఘమునకుండవలెను. మత్తడికి జాలీ కట్టనిచో తొలి వరదకే సగము పిల్లలు దిగువ చెరువుకు పోవునని, ఆ నష్టము కొర్రమీను ఖాతాలో వ్రాయబడునని మరువరాదు. చిన్న కుంటలు, తుంగ పెరిగిన శిఖపు (చెరువు ముంపు నేల) అంచులు, బొచ్చె పెరుగనంత తక్కువ నీరు గల మడుగులు కొర్రమీనునకు తగినవి. అచ్చట గూడ అది కోరునది విత్తనము కాదు, విడుపు. తొలకరి నుండి రెండు మాసములు పిల్లల ముద్దపై గాలము వేయరాదని సంఘమే తీర్మానించి, శిఖపు అంచున కొంత తుంగను మిగిల్చి, అచ్చట ఇప్పచెక్క వేయకున్నచో, ఒక్క రూపాయి ఖర్చు లేకయే ఆ చేప తన సంతతిని తానే నిలుపుకొనగలదు. ఆ పిమ్మట పట్టిన కొర్రమీనునకు సంఘమునకు కొంత వాటా చెల్లింపవలెనను నియమమును పెట్టినచో పాత ద్వేషమునకును కారణముండదు.

ఇంతకును, ఈ లాభనష్టములను నిశ్చయముగా చెప్పుటకు కావలసిన సాధనము ప్రతి సంఘము చేతిలోనే గలదు. అది ఒక లెక్కల పుస్తకము. ఏ మాసమున ఎంత పరిమాణము గల ఎన్ని పిల్లలు దించిరి, వల దింపిన దినమున ఏ చేప ఎన్ని కిలోలు వచ్చెను, ఏ ధరకు పోయెను అని అయిదేండ్లు వరుసగా వ్రాసిన చెరువు ఉన్నచో, దాని విషయమున శాస్త్రజ్ఞునికన్న, అధికారికన్న ఆ చెరువు మత్స్యకారుడే గట్టిగా మాటాడగలడు. విడిచిన పిల్లల కోట్లను గూర్చి ప్రకటనలు చాల వచ్చినవి. దక్కిన చేపల కిలోలను గూర్చి చెరువువారీగా లెక్క చెప్పు అలవాటు మాత్రము ఇంకను రావలసియున్నది. విడిచినదానికి గాక దక్కినదానికి లెక్క అడుగు దినము వచ్చినప్పుడు, కొర్రమీను ఎన్ని పిల్లలను తినెనో, జాలీ లేని మత్తడి ఎన్నింటిని తినెనో, కురచ విత్తనము ఎంత నష్టము తెచ్చెనో వేరువేరుగా తేలును. అప్పుడు ఈ చేపపై మోపిన నేరములలో కొన్ని నిలుచును, కొన్ని వేరొకరి పేర వ్రాయవలసి వచ్చును.